విషాన్ని తూచిన విజ్ఞాని: సర్ హెన్రీ డేల్

విషానికీ ఔషధానికీ నడుమనున్న గోడ మిక్కిలి పలుచనిది. యుక్తి తెలిసి వాడితే తీక్ష్ణమైన విషమైనా మందవుతుందనీ, యుక్తి తప్పితే మంచి మందైనా విషమవుతుందనీ మన ఆయుర్వేదాచార్యులు ఏనాడో గ్రహించారు. అయితే ఆ యుక్తికి హద్దు ఎక్కడ? ఎంతవరకు మందు, ఎంత దాటితే విషం? ఈ ప్రశ్నకు ఊహతో కాక త్రాసుతోనూ, ప్రయోగంతోనూ సమాధానం వెదకడానికి జీవితమంతా వెచ్చించిన మహనీయుడు సర్ హెన్రీ హాలెట్ డేల్. ఆయన శోధనకు నాంది పలికినది ఒక ధాన్యపు వెన్నుకు పట్టిన తెగులు. ఆ తెగులు చూపిన దారిని నడచి ఆయన మానవదేహంలో నాడులు మాట్లాడుకొనే భాషను తెలుసుకొన్నాడు. ప్రసవించిన తల్లుల ప్రాణం నిలిపే మందులకు మార్గం చూపాడు.

ఆ తెగులు కథ ముందుగా చెప్పుకోవాలి. ఐరోపా ఖండంలోని చలిదేశాలలో, గోధుమకు చాలని చవుకనేలల్లో రై అనే ధాన్యం పండుతుంది. చిరకాలం అక్కడి బీదవాని రొట్టె దానితోనే తయారయ్యేది. వాతావరణం చలిగా, తేమగా ఉన్న సంవత్సరాలలో పూతమీదనున్న రై వెన్నులకు ఒక శిలీంధ్రం సోకుతుంది. తొలుత తేనెవంటి జిగురు కారుతుంది. పిమ్మట గింజ కట్టవలసిన చోట ఊదాఛాయ గల నల్లని కొమ్ము పొడుచుకొని వస్తుంది. అది కోడిపుంజు కాలిముల్లును పోలి ఉండడంచేత ఫ్రెంచివారు దానికి ఆ పేరే పెట్టారు. అదే ఎర్గట్.

ఆ నల్లగింజలు మంచిగింజలతో కలిసి తిరగలిలో పడి, రొట్టెయై కడుపులో చేరినప్పుడు ఊళ్ళకు ఊళ్ళే రోగపీడితమయ్యేవి. కొందరికి కాళ్ళూ చేతులూ నిప్పులో పెట్టినట్లు మండి, క్రమంగా నల్లబడి, రక్తపుచుక్క కారకుండానే ఊడిపోయేవి. మరికొందరు ఈడ్పులతో, మతిభ్రమతో తన్నుకొని మరణించేవారు. జనులు దానిని పుణ్యపురుషుడైన ఆంటొనీ పేర పవిత్రాగ్ని అని పిలిచి ఆయన శరణు వేడేవారు. 11వ శతాబ్ది చివర ఈ రోగుల సేవకోసమే ఫ్రాన్సులో ఒక సన్యాసి సంఘం వెలసింది. కారణం దేవుని కోపం కాదనీ, రొట్టెలోని నల్లగింజ అనీ 1676లో డొడార్ అనే ఫ్రెంచి వైద్యుడు అక్కడి విజ్ఞాన పరిషత్తుకు తెలియజేశాడు. ఆ గింజ ఒక శిలీంధ్రపు జీవితంలో ఒక దశ అని 1853లో ట్యులాన్ నిరూపించాడు.

ఇంత భయంకరమైన గింజను మంత్రసానులు మందుగా వాడుతూ ఉండడం వింత. స్త్రీలు దీనిని గర్భాశయపు నొప్పులు పుట్టించడానికి వాడేవారన్న ప్రస్తావన 1582నాటి ఒక జర్మన్ మూలికాగ్రంథంలోనే ఉంది. 1808లో అమెరికాలో జాన్ స్టెర్న్స్ అనే వైద్యుడు ఈ పొడిని ప్రసవం త్వరగా జరగడానికి ఇవ్వవచ్చునని ప్రకటించాడు. వైద్యులు ఉత్సాహంతో వాడారు. ఫలితంగా గర్భాశయం బిగుసుకొనిపోయి ఎందరో శిశువులు కడుపులోనే మరణించారు. ప్రసవానికి ముందు ఈ మందు ముట్టవద్దనీ, ప్రసవమైన పిమ్మట రక్తస్రావాన్ని ఆపడానికి మాత్రమే వాడాలనీ 1824లో న్యూయార్కు వైద్యుడు డేవిడ్ హోసాక్ హెచ్చరించాడు. ఆ తరువాత ఎర్గట్ వైద్యుని సంచిలో నిలిచింది గాని, ఏ సీసాలోని మందు పనిచేస్తుందో, ఏది నీళ్ళవలె నిర్వీర్యమో చెప్పగల వారు లేరు. గింజలో ఉన్న గుణం ఏ పదార్థానిదో తెలియకపోవడమే ఇందుకు కారణం. 20వ శతాబ్ది ఆరంభంలో పరిస్థితి ఇదీ.

హెన్రీ డేల్ 1875 జూన్ 9వ తేదీన లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ జేమ్స్ డేల్ వ్యాపారవృత్తిలో ఉన్నవాడు. ఏడుగురు సంతానంలో హెన్రీ మూడవవాడు. అతని చదువుకు విద్యార్థివేతనాలే ఊతమయ్యాయి. అవే అతనిని కేంబ్రిడ్జిలోని లీస్ పాఠశాలకు, అక్కడినుండి 1894లో ట్రినిటీ కళాశాలకు చేర్చాయి. అక్కడ శరీరధర్మశాస్త్రంలో లాంగ్లీ వంటి ఉద్దండుల వద్ద శిక్షణ లభించింది. మన ఇచ్ఛతో నిమిత్తం లేకుండా గుండెనూ, ప్రేగులనూ, రక్తనాళాలనూ నడిపే నాడీవ్యవస్థను శోధించినవాడు లాంగ్లీ. చూచినదే చెప్పాలి, కొలిచినదే నమ్మాలి అనే నియమం డేల్‌కు అక్కడ అలవడింది. రూథర్‌ఫర్డ్ మహాశయుడు కెనడాకు వెళుతూ వదలిన పరిశోధక వేతనంలో సగం ఆయనకు దక్కడంచేత మరి రెండేండ్లు అక్కడ నిలువగలిగాడు.

1900లో లండన్ లోని సెంట్ బార్తలోమ్యూ వైద్యశాలలో వైద్యవిద్య ప్రారంభించాడు. అయితే రోగుల మంచాల నడుమకంటె ప్రయోగశాలలోనే ఆయన మనస్సు నిలిచింది. 1902లో లండన్ యూనివర్సిటీ కళాశాలలో స్టార్లింగ్, బేలిస్‌ల వద్దకు చేరాడు. ఆ సంవత్సరమే ఆ ఇరువురూ సెక్రిటిన్ అనే పదార్థాన్ని కనుగొని, దేహంలో ఒక అవయవం రక్తం ద్వారా ఒక రసాయనాన్ని పంపి మరొక అవయవాన్ని పనికి పురికొల్పగలదని నిరూపించారు. అక్కడే ఆటో లోవి అనే జర్మన్ దేశపు యువ శాస్త్రజ్ఞునితో పరిచయమైంది. ఆ పరిచయం అరువది సంవత్సరాల స్నేహంగా పెరుగుతుందనీ, ఇరువురి పేర్లూ ఒక మహాపురస్కారంలో జంటగా వినబడతాయనీ ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు. అనంతరం కొన్ని నెలలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాల్ ఎర్లిష్ వద్ద గడిపి డేల్ స్వదేశానికి తిరిగి వచ్చాడు.

1904లో ఆయనకు ఒక చిక్కు ఎదురైంది. హెన్రీ వెల్‌కమ్ అనే మందుల వర్తకుడు తాను నెలకొల్పిన శరీరధర్మ పరిశోధనశాలలో ఉద్యోగమిస్తానన్నాడు. వర్తకుని కొలువులో చేరడమంటే శాస్త్రవిద్యను సంతలో అమ్ముకోవడమేనని ఆనాటి విద్వాంసుల అభిప్రాయం. మిత్రులు వారించారు. కాని డేల్ వివాహం చేసుకోదలచి ఉన్నాడు. వధువు ఎలెన్ హారియట్ హాలెట్, ఆయన తల్లి పుట్టింటివారి పిల్ల. సంసారానికి స్థిరమైన రాబడి కావాలి. పైగా అక్కడ పరికరాలకు కొదువ లేదు, పరిశోధనకు స్వేచ్ఛ ఉంది. ఆయన ఒప్పుకొన్నాడు. ఆ సంవత్సరమే వివాహమూ జరిగింది.

వెల్‌కమ్ ఆయనకు ఒక సూచన చేశాడు. ఎర్గట్ మందు గందరగోళంగా ఉన్నది, వీలైనప్పుడు దాని సంగతి తేల్చగలరా అని అడిగాడు. డేల్‌కు ఆ విషయం రుచించలేదు. కుళ్ళిన ధాన్యంలో ఏ శాస్త్రరహస్యం దొరుకుతుందని అనుకొన్నాడు. అయినా యజమాని కోరిక కాదనలేక పని మొదలుపెట్టాడు.

మొదటి రహస్యం పొరపాటు రూపంలో వచ్చింది. ఒకనాడు ఆయన మత్తులో ఉంచిన పిల్లిపై ఎర్గట్ సారాన్ని ప్రయోగిస్తూ రక్తపోటును గమనిస్తున్నాడు. ప్రయోగం ముగిసే వేళకు, కర్మాగారంనుండి వచ్చిన మరొక మందును పరీక్షించవలసి వచ్చింది. అది మూత్రపిండాల నెత్తిన ఉండే గ్రంథి సారం, అనగా అడ్రినలిన్ గల మందు. రక్తపోటును పెంచడం దాని సహజగుణం. చేతిలోనున్న పిల్లికే దానిని ఎక్కించాడు. రక్తపోటు పెరుగలేదు సరికదా, తగ్గింది. మందు చెడిపోయిందని ఆయన వ్రాసి పంపాడు. వారం తిరిగిన తరువాత మరొక మందుతో మళ్ళీ అదే జరిగింది. మరల మందు చెడినదని వ్రాయవలసిన తరుణంలో ఆయన కలం ఆగింది. రెండుసార్లూ ఆ పిల్లికి ముందుగా ఎర్గట్ ఇచ్చి ఉన్నాడు. దోషం మందుది కాదు, తన తీర్పుదే. అడ్రినలిన్ దేహంలో చేసే రెండు విధాల పనులలో రక్తనాళాలను బిగించే పనిని ఎర్గట్ అడ్డగిస్తున్నది. అడ్డులేని రెండవ పని పైకి వచ్చి రక్తపోటును దింపుతున్నది. తరువాతి కాలంలో రక్తపోటు చికిత్సకు వచ్చిన ఒక తెగ మందులకు ఇదే మూలసూత్రమైంది.

1906లో ప్రకటించిన ఆ పరిశోధనావ్యాసంలోనే మరొక విశేషమున్నది. మెదడు క్రింద వ్రేలాడే పిట్యూటరీ గ్రంథి సారం గర్భాశయాన్ని గట్టిగా ముడుచుకొనేటట్లు చేస్తుందని డేల్ గమనించాడు. అది ఎర్గట్ పరిశోధనలో ప్రాసంగికంగా తోచిన సంగతి మాత్రమే. ఆ గుణానికి కారణమైన ఆక్సిటోసిన్ అనే పదార్థం ఉత్తరోత్తరా ప్రపంచమంతటా ప్రసవశాలలకు ప్రాణాధారమైంది.

ఆయనకు తోడుగా ఆ పరిశోధనశాలలో జార్జ్ బార్జర్ అనే ప్రతిభాశాలియైన రసాయనశాస్త్రజ్ఞుడు ఉన్నాడు. నల్లగింజనుండి ఒక్కొక్క పదార్థాన్ని విడదీసి ఇవ్వడం బార్జర్ పని. అది దేహంలో ఏమి చేస్తుందో తేల్చడం డేల్ పని. 1906లో ఎర్గొటాక్సిన్ దొరికింది. నల్లగింజ విషగుణానికీ, ఔషధగుణానికీ అదే మూలమని ఇరువురూ తలచారు. పిమ్మట టైరమిన్, 1910లో హిస్టమిన్ బయటపడ్డాయి. హిస్టమిన్‌ను జంతువులకు ఎక్కిస్తే శ్వాసనాళాలు బిగుసుకొనిపోవడం, రక్తపోటు పడిపోవడం, నాళాలనుండి ద్రవం ఊరడం డేల్, లెయిడ్‌లా చూశారు. దేహం సహించని పదార్థం ప్రవేశించినప్పుడు కలిగే ప్రకోపానికీ దీనికీ పోలిక ఉన్నదని గుర్తించారు. జలుబుకు, దద్దుర్లకు ఈనాడు మనం మ్రింగే మాత్రలు అణచేది ఈ హిస్టమిన్ చేష్టలనే.

1913లో ఎర్గట్ సారం ఒకటి పిల్లి గుండె వేగాన్ని విచిత్రంగా మందగింపజేసింది. దానినుండి ఆర్థర్ యూయిన్స్ విడదీసిన పదార్థం ఎసిటైల్‌కోలిన్. కొన్ని నాడులను ప్రేరేపించినప్పుడు దేహంలో కలిగే మార్పులకూ, ఈ పదార్థం కలిగించే మార్పులకూ అద్భుతమైన సామ్యం కనబడింది. నాడి చివర ఇదే పుట్టి అవయవానికి ఆజ్ఞ అందజేస్తున్నదా? డేల్ మనస్సులో ఆ ఊహ మెదలింది. కాని జంతుదేహంలో ఎసిటైల్‌కోలిన్ సహజంగా ఉన్నదనడానికి ఆనాడు సాక్ష్యం లేదు. లాంగ్లీ శిష్యుడు సాక్ష్యం లేని మాట అనడు. 1914లో తాను చూచినంతమట్టుకు ప్రకటించి, తక్కిన దానికి కాలం రావాలని ఆగిపోయాడు.

ఆ సంవత్సరమే ఆయన వెల్‌కమ్ కొలువు విడిచి ప్రభుత్వ వైద్యపరిశోధన సంస్థలో ప్రవేశించాడు. రాయల్ సొసైటీ సభ్యత్వమూ లభించింది. ప్రపంచ సంగ్రామం ఆరంభమైంది. గాయపడిన సైనికులు రక్తం ఎక్కువగా పోకపోయినా కొన్ని గంటలకు చల్లబడి మరణించడం వైద్యులకు అంతుపట్టలేదు. హిస్టమిన్ గురించి తెలిసిన డేల్ ఆ సమస్యపై పనిచేసి, సూక్ష్మనాళాలు సడలి ద్రవం కారిపోవడం ఎట్టి ప్రమాదమో వివరించాడు.

సంగ్రామానంతరం ఆయన చేపట్టిన పని పైకి అంత ఆకర్షణీయం కాదు. కాని దాని ఫలం ఇంటింటికీ చేరింది. ఎర్గట్ సీసాలలో చూచిన అవ్యవస్థ ఇతర మందులలోనూ ఉన్నది. 1922లో కెనడాలో ఇన్సులిన్ వెలువడగానే డేల్ తన సహచరుడు హెరాల్డ్ డడ్లీతో అక్కడికి వెళ్ళి దాని తయారీని పరిశీలించి వచ్చాడు. ఇన్సులిన్ మోతాదు తక్కువైతే మధుమేహం అణగదు. ఎక్కువైతే రోగి స్పృహ తప్పి మరణించవచ్చు. అటువంటి మందుకు దేశానికొక కొలత ఉంటే ఎట్లా? నానాజాతి సమితి ఆధ్వర్యంలో 1923లో ఎడిన్‌బరోలోనూ, 1925లో జెనీవాలోనూ జరిగిన సమావేశాలలో ఆయన ముఖ్యపాత్ర వహించాడు. ఒక ప్రమాణపు మందును భద్రపరచి, ఏ దేశపు మందునైనా దానితో పోల్చి బలాన్ని యూనిట్లలో చెప్పే పద్ధతి స్థిరపడింది. ఈనాడు ఇన్సులిన్ సూదిమందు వేసుకొనే రోగి ఇన్ని యూనిట్లు అని లెక్కించడం వెనుక ఈ కృషి ఉన్నది.

1928లో ఆయన జాతీయ వైద్యపరిశోధనాలయానికి అధ్యక్షుడైనాడు. ఈలోగా మిత్రుడు లోవి 1921లో ఆస్ట్రియా దేశంలో ఒక ప్రయోగం చేశాడు. కప్ప గుండె నాడిని ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని మరొక గుండెపై పోస్తే, నాడి సంబంధం లేని ఆ రెండవ గుండె కూడా మందగించింది. నాడి చివర ఒక రసాయనం పుడుతున్నదని రుజువైంది. ఆ రసాయనం ఎసిటైల్‌కోలినేనా? 1929లో డేల్, డడ్లీ ఎద్దుల, గుర్రాల ప్లీహాలను పెద్దఎత్తున సేకరించి, వాటినుండి ఎసిటైల్‌కోలిన్‌ను వెలికితీశారు. పదునైదు సంవత్సరాలు ఆయన ఎదురుచూచిన సాక్ష్యం దొరికింది. బూజుపట్టిన గింజలో కనబడిన పదార్థం జంతుదేహంలోనూ సహజంగా ఉన్నదన్నమాట.

1933లో హిట్లర్ ప్రభుత్వం యూదులను కొలువులనుండి గెంటివేసినప్పుడు, బెర్లిన్‌లో ఉద్యోగం పోయిన విల్‌హెల్మ్ ఫెల్డ్‌బర్గ్‌కు డేల్ తన పరిశోధనాలయంలో చోటిచ్చాడు. ఆశ్రయం పొందిన వాడు ఒక అపూర్వమైన పరికరాన్ని వెంట తెచ్చాడు. అది జలగ కండరం. దేహంలో ఎసిటైల్‌కోలిన్ పుట్టిన క్షణంలోనే నశిస్తుంది. ఆఫ్రికాలో నేరస్థులను పరీక్షించడానికి మ్రింగించే కలబారు అనే విషపుగింజనుండి వచ్చిన ఎసెరిన్ ఆ నాశనాన్ని ఆపుతుంది. ఎసెరిన్‌లో నానిన జలగ కండరం అత్యల్పమైన ఎసిటైల్‌కోలిన్‌కు కూడా ముడుచుకొంటుంది. ఈ సున్నితమైన త్రాసుతో డేల్, ఫెల్డ్‌బర్గ్, గాడమ్, బ్రౌన్, మార్తా వోగ్ట్ మూడేండ్లు శ్రమించి, మనం ఇచ్ఛాపూర్వకంగా కదిలించే కండరాలకు నాడులు ఆజ్ఞ అందజేసేది కూడా ఎసిటైల్‌కోలిన్ ద్వారానేనని నిరూపించారు. 1936లో వైద్యశాస్త్రానికి నోబెల్ బహుమతి డేల్‌కూ, లోవికీ కలిపి వచ్చింది.

కీర్తి శిఖరం చేరుతున్న ఆ రోజులలోనే ఆయన పాత తీర్పు ఒకటి తలక్రిందులైంది. నల్లగింజలో ప్రసవానికి ఉపకరించే గుణమంతా ఎర్గొటాక్సిన్ వంటి పదార్థాలదేనని 1906నుండి శాస్త్రజ్ఞులు నమ్మారు. అవి నీటిలో కరగవు. కనుక మంత్రసానుల కాలంనుండి వస్తున్న నీటిసారం పనికిరానిదని తేల్చివేశారు. 1932లో జాన్ చాసర్ మోయర్ అనే యువవైద్యుడు ప్రసవించిన స్త్రీల గర్భాశయపు కదలికలను యంత్రంతో గుర్తిస్తూ ఎర్గట్ మందులను ఒక్కొక్కటిగా పరీక్షించాడు. పండితులు మెచ్చిన పదార్థాలు నెమ్మదిగా పనిచేశాయి. పనికిరాదన్న నీటిసారం త్రాగించిన కొద్ది నిమిషాలలోనే గర్భాశయం బలంగా ముడుచుకొన్నది. మంత్రసానులు చూచినది నిజం, ప్రయోగశాల చూడలేకపోయింది. పిల్లిపై జరిగిన పరీక్ష తల్లి విషయంలో దారి తప్పించింది.

ఈ వార్త డేల్ ప్రతిష్ఠకు సంబంధించినది. ఆయన దానిని త్రోసిపుచ్చలేదు, మరుగుపరచనూ లేదు. ఆయన పరిశోధనాలయంలోనే, ఆయన ఆప్త సహచరుడు డడ్లీయే మోయర్‌తో చేయి కలిపి ఆ నీటిసారంలోని పదార్థాన్ని వెదికాడు. 1935లో వారు ఎర్గొమెట్రిన్‌ను స్ఫటికరూపంలో సాధించారు. అదే కాలంలో ఇతర దేశాలలోని పరిశోధకులూ దానిని వేరువేరు పేర్లతో కనుగొన్నారు. రక్తస్రావంతో మరణించవలసిన అసంఖ్యాకులైన బాలింతలు ఆ మందువల్ల బ్రతికారు. డడ్లీ మాత్రం ఆ సంవత్సరమే మరణించాడు. పిల్లి విషయంలో తన పొరపాటు తానే పట్టుకొన్న డేల్, ముప్పది సంవత్సరాల పిమ్మట తన పరిశోధనాలయంలో జరిగిన పనివల్లనే తన పాత తీర్పు మారడాన్ని చూశాడు. కొలతకు తలవంచడం ఆయనకు జీవితవ్రతం.

రెండవ ప్రపంచ సంగ్రామకాలంలో, 1940నుండి 1945వరకు ఆయన రాయల్ సొసైటీ అధ్యక్షుడుగా ఉన్నాడు. వెల్‌కమ్ ఆస్తితో ఏర్పడిన ధర్మనిధికి 1938నుండి 1960వరకు ఆధిపత్యం వహించాడు. ఒకప్పుడు సంతలో అమ్ముడుపోయాడని మిత్రులు చింతించిన కొలువు, వైద్యపరిశోధనను పోషించే మహానిధిగా మారడం ఆయన కన్నులారా చూశాడు. లోవిని 1938లో నాజీలు చెరలో పెట్టి, నోబెల్ ధనం గుంజుకొని దేశంనుండి వెళ్ళగొట్టారు. ప్రపంచమంతటి పైరుల విత్తనాలు సేకరించిన రష్యా శాస్త్రజ్ఞుడు వావిలోవ్ 1943లో సరాతోవ్ చెరసాలలో మరణించాడు. రాయల్ సొసైటీ ఆయనను గౌరవసభ్యునిగా ఎన్నుకొని, ఆయన గతి ఏమైనదని అడిగితే జవాబు రాలేదు. రాజ్యాధికారం శాస్త్రసత్యాన్ని శాసించడం సహించలేక డేల్ 1948లో సోవియట్ విజ్ఞాన పరిషత్తు తనకిచ్చిన గౌరవసభ్యత్వాన్ని విసర్జించాడు. త్రాసు ముల్లును చేతితో పట్టి వంచడం ఆయన దృష్టిలో క్షమించరాని అపరాధం.

1968 జూలై 23న, తొంబదిమూడు సంవత్సరాల నిండు వయస్సులో, కేంబ్రిడ్జిలో ఆయన దీర్ఘజీవితం ముగిసింది.

ఆయన తుదిదినాలలో ధాన్యవిషాల చరిత్ర ఒక క్రొత్త మలుపు తిరిగింది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు మరణించగా, వాటి మేతలోని వేరుశనగ పిండికి పట్టిన బూజే కారణమని తేలింది. ఆ బూజు విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులలో బూజుపట్టిన మొక్కజొన్న తిన్న గిరిజనులు వందమందికి పైగా కామెర్లతో మరణించారు. నల్లగింజకు జ్ఞాతి మన సజ్జచేలలోనూ ఉన్నది. రైతులు తేనెబంక తెగులు అనేది దానినే. 1975లో రాజస్థాన్‌లో ఆ సజ్జలు తిన్నవారు వాంతులతో, తలతిప్పుతో, మగతతో బాధపడగా హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి కారణం తేల్చారు. ఈ విషం రై విషమంత క్రూరం కాదు. కాళ్ళూ చేతులూ ఊడవు. నూటికి ఇరువది పాళ్ళు ఉప్పు కలిపిన నీటిలో పోస్తే తెగులు గింజలు పైకి తేలుతాయి. వాటిని తీసివేసి, మంచిగింజలు కడిగి ఆరబెట్టుకొంటే భయం లేదు.

ఈనాడు తెలుగునాట ఏ పల్లె ఆరోగ్యకేంద్రంలోనైనా శిశువు భూమిమీద పడగానే తల్లికి ఒక సూదిమందు వేస్తారు. అది ఆక్సిటోసిన్, పది యూనిట్లు. ఆ గుణాన్ని ఎర్గట్‌ను పరీక్షిస్తూ 1906లో తొలుత గమనించినవాడు డేల్. దాని బలాన్ని యూనిట్లలో కొలిచే పద్ధతిని దేశదేశాలచేత ఒప్పించిన వారిలోనూ ఆయన ముఖ్యుడు. ఆ మందుకు రక్తం ఆగనప్పుడు వైద్యులు చేయి చాచేవాటిలో నల్లగింజ సంతతి మందు ఒకటి. సూది వేసే నర్సుకు గాని, వేయించుకొనే తల్లికి గాని ఆయన పేరు తెలియకపోవచ్చు. కాని సీసామీద వ్రాసిన ఆ పది యూనిట్లలో ఆయన జీవితం ఇమిడి ఉన్నది.